సరకు ఓడలో సమరానికి..
కాక్స్ బజార్ తీరం నేర్పిన పాఠం

కార్వేటినగరం: యుద్ధనౌక అనగానే ఫిరంగులు, క్షిపణులు, విమానాలు గుర్తుకొస్తాయి. సైన్యాన్ని, శతఘ్నులను, తిండిగింజలను, మందుగుండును మోసుకెళ్లి శత్రు తీరాన దించే ఓడల గురించి తెలిసింది తక్కువ. 1971 డిసెంబరులో బంగాళాఖాతంలో మన దేశం ఇలాంటి ప్రయత్నం ఒకటి చేసింది. యుద్ధంలో విజయం లభించినా ఆ ఒక్క ఘట్టం మాత్రం చేదు అనుభవంగానే మిగిలింది. శత్రువు ఒక్క తూటా పేల్చకుండానే గోర్ఖా జవాన్లు నీట మునిగి ప్రాణాలు కోల్పోయారు.

ఆ యుద్ధం మన ప్రాంతానికి కొత్త కాదు. తూర్పు రంగంలో గోర్ఖా బెటాలియన్‌కు నాయకత్వం వహించి మహావీర్ చక్ర అందుకున్న విశ్రాంత మేజర్ జనరల్ సి.వేణుగోపాల్ తిరుపతిలో నివసించారు. విజయానికి 50 ఏళ్లయిన సందర్భంగా 2021 ఫిబ్రవరిలో స్వర్ణ విజయ జ్యోతి తిరుపతికి చేరినప్పుడు నాటి ముఖ్యమంత్రి స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి సత్కరించారు. నేల మీద ఆయన దళం సాధించిన విజయం అలా జిల్లా ప్రజలకు తెలిసింది. అదే యుద్ధంలో మరో గోర్ఖా దళం సముద్రం మీదుగా వెళ్లిన సంగతి మాత్రం పెద్దగా ప్రచారానికి నోచుకోలేదు.

దాడి సరకు ఓడ అంటే..

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులపై పోరాడిన అమెరికా నౌకాదళం ‘దాడి సరకు ఓడ’ అనే ప్రత్యేక తరగతిని రూపొందించింది. 1943 నుంచి 1945 వరకు ఇలాంటివి 108 నిర్మించారు. చూపునకు ఇవి మామూలు సరకు ఓడల్లాగే ఉంటాయి. అయితే వీటి పైభాగాన చిన్న పడవలు వరుసగా ఉంటాయి. ఓడ తీరానికి దూరంగా లోతు నీటిలో ఆగుతుంది. బరువులెత్తే క్రేన్లతో పడవలను నీటిలోకి దించి, వాటిలోకి సామగ్రిని చేరవేసి ఒడ్డుకు పంపుతారు.

సరకు నింపే తీరులోనే అసలు కిటుకు ఉంది. వ్యాపార నౌకలో ఖాళీ మిగలకుండా నింపడమే ముఖ్యం. యుద్ధానికి వెళ్లే ఓడలో ఏది ముందు అవసరమో దాన్ని చివర ఎక్కించాలి. మన మండలాల నుంచి చెన్నై మార్కెట్లకు మామిడి తోలే లారీ డ్రైవర్లకు ఈ లెక్క బాగా తెలుసు. దారిలో ముందు దించాల్సిన పెట్టెలు అడుగున పడితే లోడంతా విప్పక తప్పదు. తూటాలు దూసుకొచ్చే తీరాన అలా విప్పే వ్యవధి ఉండదు.

బర్మా దారి మూయాలని..

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఆ రాత్రే విశాఖ తీరంలో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మరునాడు విమానవాహక నౌక విక్రాంత్ నుంచి లేచిన విమానాలు కాక్స్ బజార్ విమానాశ్రయంపై దాడి చేశాయి. విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానికి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్ సారథ్యం వహించారు. కొద్ది రోజుల్లోనే తూర్పు పాకిస్థాన్ రేవులన్నీ దిగ్బంధంలో చిక్కాయి.

అప్పుడు సైనికాధికారులకు ఒక సందేహం తలెత్తింది. ఓడిపోతున్న పాక్ సేనలు చిట్టగాంగ్ దిగువన ఉన్న సన్నని తీరప్రాంతం గుండా బర్మాలోకి తప్పించుకుపోతే ఎలా? ఆ దారిని మూసివేయడానికి కాక్స్ బజార్ సమీపాన సముద్రం మీదుగా సైన్యాన్ని దించాలని నిర్ణయించారు. దీనికి ‘ఆపరేషన్ బీవర్’ అని పేరు పెట్టారు.

అమెరికా వద్ద ఉన్నట్టి దాడి సరకు ఓడలు అప్పుడు మనకు లేవు. షిప్పింగ్ కార్పొరేషన్‌కు చెందిన ‘విశ్వ విజయ్’ అనే వ్యాపార నౌకనే అందుకు వినియోగించారు. మూడో గోర్ఖా రైఫిల్స్‌కు చెందిన మొదటి బెటాలియన్ ప్రధాన బలంగా సిద్ధమైన దళం కలకత్తాలో ఆ ఓడ ఎక్కింది. వ్యాపార నౌక ఒడ్డుకు చేరలేదు కనుక తీరానికి చేరువలో జవాన్లను నౌకాదళానికి చెందిన ‘ఘరియాల్’, ‘గుల్దార్’ అనే దింపుడు నౌకల్లోకి మార్చాలన్నది ప్రణాళిక. పోలండ్‌లో తయారైన ఈ నౌకల అడుగు చదునుగా ఉంటుంది. ముక్కు భాగాన్ని ఇసుకకు ఆనించి తలుపు తెరిస్తే సైన్యం నేరుగా దిగిపోవచ్చు.

ఇసుక గట్టు వెనుక గుంత

నడి సముద్రంలో అలలకు ఊగే ఒక ఓడ నుంచి మరో ఓడలోకి ఆయుధాలతో మారడమే ఒక పరీక్ష. కొండప్రాంతాల్లో పుట్టి పెరిగిన జవాన్లు వారు. సముద్రం మీది నుంచి తీరంలో దిగే శిక్షణకు తగిన వ్యవధి వారికి దొరకలేదు. అయినా మార్పిడి పూర్తయింది. దింపుడు నౌకలు తీరం వైపు సాగాయి.

అసలు చిక్కు అక్కడే ఎదురైంది. ఇక్కడి స్కంద పుష్కరిణిలో దిగేవారికి ఒక మెట్టు తరువాత ఇంకొక మెట్టు ఉంటుందన్న భరోసా ఉంటుంది. సముద్రపుటొడ్డు అలా ఉండదు. అలల తాకిడికి తీరానికి కొంత దూరంలోనే ఇసుక గట్టు కడుతుంది. ఆ గట్టుకూ ఒడ్డుకూ మధ్య లోతైన గుంత మిగులుతుంది. పైనుంచి చూస్తే అంతా ఒకే నీరు. నౌక గట్టుకు తగిలి ఆగగానే ఒడ్డు వచ్చిందనిపిస్తుంది. తలుపు తెరుచుకుని దిగిన జవాన్ల కాళ్లకు నేల అందలేదు. వీపున మూట, చేత తుపాకీ, ఒంటిపై తడిసిన దుస్తుల బరువుతో కొందరు మునిగిపోయారు.

దాంతో దింపుడు నిలిపివేశారు. మిగిలిన వారిని స్థానికుల నాటు పడవల సాయంతో విడతలవారీగా ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. తీరా చూస్తే కాక్స్ బజార్‌లో పోరాడటానికి శత్రు సైన్యమే లేదు. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేనలు లొంగిపోయాయి. సుమారు 93 వేల మంది బందీలైన ఆ మహా విజయం ముందు ఈ ఘటన మరుగున పడిపోయింది.

లోపం ఎక్కడ?

జవాన్ల ధైర్యంలో లోపం లేదు. నావికుల నైపుణ్యంలోనూ లేదు. ఆ తీరం వాలు ఎంత, ఇసుక గట్లు ఎక్కడున్నాయి, ఏ వేళకు పోటు ఎంత వస్తుంది అన్న సమాచారం ముందుగా చేతిలో లేకపోవడమే మొదటి కారణం. సైన్యం, నౌకాదళం కలిసి సాధన చేయకపోవడం రెండోది. సరకు ఓడను రోజుల వ్యవధిలో సైనిక ఓడగా మార్చడం సాధ్యమే కావచ్చు. తీరాన్ని చదవడం, దిగడం నేర్వడం మాత్రం రోజుల్లో అయ్యే పని కాదు.

ఆ పాఠం వృథా పోలేదు. ‘ఘరియాల్’ పేరుతోనే మరింత పెద్ద దింపుడు నౌక విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మితమై 1997లో నౌకాదళంలో చేరింది. 2007 జూన్ 22న ‘జలాశ్వ’ వచ్చింది. అమెరికా నౌకాదళంలో ‘ట్రెంటన్’ పేరుతో 1971 మార్చి నుంచి సేవలందించిన ఈ నౌకను మన దేశం కొనుగోలు చేసి విశాఖ కేంద్రంగా నిలిపింది. దీని వెనుక భాగంలోని పెద్ద గదిలోకి సముద్రపు నీటిని నింపుతారు. లోపలి పడవలు సైనికులతో, వాహనాలతో తేలి నేరుగా బయటకు సాగుతాయి. నడి సముద్రంలో ఓడ నుంచి ఓడకు మారే అవస్థ తప్పుతుంది.

ఈ నౌకలు యుద్ధానికే పరిమితం కాదు. కరోనా కాలంలో 2020 మే 10న మాల్దీవుల నుంచి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది జలాశ్వే. తుపాను వేళ రోడ్లు, రేవులు దెబ్బతిన్న ఊళ్లకు మందులు, నీళ్లు చేర్చడానికీ ఇలాంటి నౌకలే అక్కరకొస్తాయి.

కాకినాడ తీరంలో సాధన

1971లో కరవైన ఉమ్మడి సాధనకు మన రాష్ట్ర తీరమే వేదిక అయింది. 2019 నవంబరులో భారత్, అమెరికా దళాలు ‘టైగర్ ట్రయంఫ్’ పేరిట విశాఖ, కాకినాడ తీరాల్లో విన్యాసాలు నిర్వహించాయి. 2023 జనవరిలో త్రివిధ దళాల ‘ఆంఫెక్స్’ విన్యాసాలు కూడా కాకినాడలోనే జరిగాయి. నౌకల నుంచి పడవల్లోకి, పడవల నుంచి ఇసుకపైకి దిగడాన్ని జవాన్లు అక్కడ సాధన చేశారు.

విశాఖ రామకృష్ణా బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకాన్ని మన జిల్లా నుంచి విహారానికి వెళ్లే విద్యార్థులు తప్పక చూస్తారు. అక్కడ ఘాజీ కథ అందరికీ వినిపిస్తుంది. అదే యుద్ధంలో, అదే సముద్రంలో ఒడ్డు కనబడుతుండగానే మునిగిపోయిన గోర్ఖాల కథను కూడా ఉపాధ్యాయులు పిల్లలకు చెప్పాల్సిన అవసరం ఉంది.