పాత పటములో మీ ఊరి వాగు

వాన పడినప్పుడు మీ చేనిలో నీరు ఏ దారిని పోవునో మీకు తెలియును. ఎనుబది యేండ్ల క్రిందట ఏ దారిని పోయినదో చెప్పగల పెద్దలు మాత్రము ఇప్పుడు అరుదు. అది చెప్పగల కాగితమొకటి ఉన్నది. అదే భారత సర్వే శాఖవారి పాత స్థలాకృతి పటము.

1802లో లాంబ్టన్ దొర మద్రాసు దగ్గర ఆధార రేఖను కొలిచి త్రికోణ సర్వే ప్రారంభించెను. ఆ కొలతల పునాదిమీద తరువాత వచ్చిన పటములలో నేలమీది మైలు కాగితముపై అంగుళము. అనగా చదరపు అంగుళమునకు 640 ఎకరములు. మీ అయిదెకరాల చేను అందులో ఆవగింజంత! గట్టు తగాదాలకు ఇది పనికిరాదు. అందుకు రెవెన్యూవారి గ్రామ పటము, ఎఫ్.ఎం.బి. చూడవలసినదే. నీటి దారులకు మాత్రము దీనిని చూడండి.

గోధుమరంగు గీత వెంబడి ఉన్న చోటులన్నియు ఒకే ఎత్తున నుండును. గీతలు దగ్గరగా నున్నచో వాలు ఎక్కువ. నీలము నీటికి గుర్తు. వానకు పారి ఎండిపోవు వాగులు నల్లగీతలు. వీటిని దారులనుకొనువారు చాలమంది.

నా పొరపాటు ఒకటి చెప్పెదను. ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక మెట్ట గ్రామమున వేరుసెనగ చేనికి అడ్డుగట్టు వేయించితిని. నేల చదునుగానే కనబడినది. వాగును ఎప్పుడో పూడ్చి దున్నినారు. ఒక్క రాత్రి వానకు గట్టు తెగి, విత్తనముతో సహా పైమట్టి కొట్టుకొనిపోయినది. ఆ రైతు నన్ను ఒక్క మాటయు అనలేదు; అదే నాకు ఎక్కువ బాధ. తరువాత పాత పటము తెప్పించి చూడగా, గట్టు తెగిన చోటనే నల్లగీత! అది దిగువ చెరువులోనికి పోవుచున్నది. పూడిక తీసినను ఆ చెరువు నిండకుండుటకు కారణమును అక్కడనే దొరికినది. మరుసటి వేసవిలో గట్టుకు రాతి అలుగు కట్టించి, దిగువ వాగును తెరిపించితిమి. ముగ్గురు రైతులు కొంత నేల వదలుకొనవలసి వచ్చినది. వారిని ఒప్పించినది నా మాట కాదు, ఆ గీతయే.

2021లో పటముల వాడుకపై ఆంక్షలు సడలినవి. 1:50,000 పటములను సర్వే శాఖ వెబ్‌సైటునుండి తీసికొనవచ్చును. పాతది దొరికినచో రెండును ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. చిన్న పల్లములు పటమున పడవు గనుక గట్టు వేయుటకు ముందు చేనిలో లెవెల్ పెట్టించుట తప్పదు.

వేసవిలో నేల ఖాళీగా నున్నప్పుడు, పటము చేతబట్టి, ఊరి పెద్దనొకరిని వెంటబెట్టుకొని చెరువునుండి ఎగువకు నడవండి. నల్లగీత ఉండి వాగు కనబడని ప్రతిచోట ఆ సర్వే నంబరు వ్రాసికొనండి.