చిన్న పేరా... పెద్ద చదువు!

పది వాక్యాల పేరా. కింద అయిదు ప్రశ్నలు. హైస్కూలు చదివిన ప్రతి ఒక్కరూ దాన్ని దాటి వచ్చినవారే. జవాబుల కోసం వెతికితే అందులో మార్కులు దొరుకుతాయి. అర్థం కోసం చదివితే... ఇంగ్లిషే దొరుకుతుంది!

తొమ్మిదో తరగతి. మధ్యాహ్న భోజనం తర్వాతి పీరియడ్. సారు బోర్డు మీద ఓ ఇంగ్లిషు పేరా రాశారు. దాని కింద అయిదు ప్రశ్నలు. 'పది నిమిషాలు టైము' అన్నారు.

పిల్లలు పేరా జోలికి వెళ్లలేదు. ముందు ప్రశ్న చూశారు. అందులో ఉన్న పెద్ద మాటొకటి పట్టుకున్నారు. ఆ మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి వెతికారు. దొరకగానే వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి నోటుబుక్కులో పెట్టేశారు. ఆరు నిమిషాల్లో అయిదు జవాబులూ సిద్ధం. అన్నీ రైటే!

'ఇంతకీ ఈ పేరాలో ఏముందిరా?' అడిగారు సారు.

క్లాసంతా నిశ్శబ్దం. ముందు బెంచీ అమ్మాయి నోటుబుక్కు వంక చూస్తోంది. వెనక బెంచీ అబ్బాయి కిటికీ వంక చూస్తున్నాడు. అయిదుకి అయిదు మార్కులు వచ్చినవారిలో ఒక్కరికీ అందులో ఏముందో తెలియదు.

ఇది ఏ ఒక్క బడి కథో కాదు. మన ఊళ్ల హైస్కూళ్లలో తరాలుగా కనిపిస్తున్న దృశ్యమే. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, ఆటల్లో తెలుగు... అలాంటి పిల్లలకి నాలుగు ఇంగ్లిషు వాక్యాలు వరసగా, ఒక అర్థంతో ఎదురయ్యే చోటు ఆ పాసేజీ ఒక్కటే. దాన్ని కూడా చదవకుండానే దాటేస్తే, భాష వచ్చే దారి ఇంకేముంది?

బిట్టడు తిమికిన గిమ్మలు

అర్థం కాకుండా జవాబు రాయడం సాధ్యమేనా అని పెద్దలకు అనుమానం రావచ్చు. అయితే ఈ రెండు వాక్యాలు చదవండి.

'పొద్దున్నే బిట్టడు దిబ్బిలికి వెళ్లి మూడు గిమ్మలు తిమికాడు. అవి బాగా లుబ్బిగా ఉండటంతో టుక్కులో దాచాడు.'

ఇప్పుడు ప్రశ్నలు. బిట్టడు ఎక్కడికి వెళ్లాడు? దిబ్బిలికి. ఎన్ని గిమ్మలు తిమికాడు? మూడు. వాటిని టుక్కులో ఎందుకు దాచాడు? లుబ్బిగా ఉండటంతో.

మూడుకి మూడు మార్కులు! కానీ గిమ్మ అంటే ఏమిటి? తినేదా, తొడుక్కునేదా? ఎవరికీ తెలియదు. అలాంటి మాటలే లేవు మరి. వాక్యం ఎలా నడుస్తుందో తెలిస్తే చాలు, అర్థంతో పనిలేకుండా జవాబు లాగేయొచ్చు. మన పిల్లలు ఇంగ్లిషు పాసేజీతో చేస్తున్నదీ ఇదే.

ప్రశ్నలు ముందు చూసుకోవడం తప్పేమీ కాదు. పరీక్షలో అదో మెలకువే. కానీ ఏడాది పొడుగునా అదొక్కటే సాధన అయితేనే చిక్కు. వందల పాసేజీలు 'చేసిన' విద్యార్థి ఒక్కటి కూడా 'చదవకుండా' పదో తరగతి దాటేస్తాడు.

ఢాకాలో పుట్టిన ఆలోచన

చిన్న చిన్న పాఠాలు చదివించి ఇంగ్లిషు నేర్పాలన్న ఆలోచన కొత్తది కాదు. దానికి వందేళ్ల చరిత్ర ఉంది. పైగా దాని మూలాలు మన ఉపఖండంలోనే ఉన్నాయి.

మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లండు విద్యావేత్త బ్రిటిష్ పాలనలో ఢాకాలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేశారు. అక్కడి బెంగాలీ పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లిషు నేర్చుకుంటున్నా ఒక పుస్తకం సొంతంగా చదవలేకపోవడం ఆయన్ని ఆలోచింపజేసింది. వాచకాల్లో కొత్త మాటలు కుప్పలుగా వచ్చిపడుతున్నాయని గమనించారు. వాటిని తగ్గించి, వచ్చిన మాటే మళ్లీ మళ్లీ ఎదురయ్యేలా కొత్త వాచకాలు తయారుచేశారు. పైకి చదవడం కన్నా మనసులో అర్థం చేసుకుంటూ చదవడానికే పెద్దపీట వేశారు. 1926లో వచ్చిన తన పరిశోధన గ్రంథంలో ఆయనో చక్కటి మాట వాడారు... 'సరెండర్ విలువ' అని!

బీమా పాలసీ కట్టేవారికి ఈ మాట కొత్త కాదు. మధ్యలో ఆపేసినా కట్టిన దానికి ఎంతో కొంత చేతికొస్తుంది. చదువూ అలాగే ఉండాలన్నది వెస్ట్ వాదన. పిల్లలందరూ డిగ్రీ దాకా రారు. కొందరు మధ్యలోనే ఆగిపోతారు. అలా ఆగినవాళ్ల చేతిలో మిగిలేదేమిటి? వ్యాకరణ సూత్రాలు నాలుగు రోజుల్లో మరచిపోతారు. చదివి అర్థం చేసుకునే శక్తి వస్తే మాత్రం అది జీవితాంతం ఉంటుంది.

పదో తరగతితో చదువు ఆగిపోయిన అమ్మాయి మందు సీసా మీది సూచనలు, బ్యాంకు కాగితం మీది షరతులు తనంతట తాను చదువుకోగలిగితే... అదే ఆ చదువు సరెండర్ విలువ!

వందకి రెండే!

అసలు ఎలాంటి పేరా చదివితే భాష వస్తుంది? దీనికి పరిశోధకులు ఓ లెక్క చెబుతారు. ఎవరి సాయమూ లేకుండా ఒక పాఠం హాయిగా అర్థం కావాలంటే అందులోని ప్రతి వంద మాటల్లో తొంభై ఎనిమిది దాకా ముందే తెలిసి ఉండాలి. న్యూజిలాండ్‌కి చెందిన భాషావేత్త పాల్ నేషన్ మరో పరిశోధకురాలితో కలిసి 2000 సంవత్సరంలో వెలువరించిన అధ్యయనం సారాంశమిది.

అంటే వందకి రెండు కొత్త మాటలు. ఆ రెండింటినీ చుట్టూ ఉన్న తెలిసిన మాటలే పట్టిస్తాయి. ఉదాహరణకి 'ది ఫార్మర్ వాజ్ వియరీ. హి హ్యాడ్ వర్క్‌డ్ ఇన్ ది ఫీల్డ్ ఆల్ డే. సో హి స్లెప్ట్ అండర్ ది ట్రీ.' ఇందులో 'వియరీ' తెలియకపోయినా ఫర్వాలేదు. రోజంతా పొలంలో పనిచేసి చెట్టు కింద పడుకున్న రైతు ఎలా ఉంటాడో పల్లెటూరి పిల్లలకి ఎవరు చెప్పాలి? 'అలసిపోయాడు' అని వాళ్లే అంటారు. అలా సొంతంగా పట్టుకున్న మాట, నిఘంటువు చూసి రాసుకున్న మాట కన్నా బాగా గుర్తుంటుంది.

అదే వందకి ముప్ఫై మాటలు తెలియని పాసేజీ ఇస్తే? చదవడం ఆగిపోతుంది. వెతుకులాట మొదలవుతుంది. పిల్లలు అడ్డదారి పట్టడానికి బద్ధకమొక్కటే కారణం కాదు. చాలాసార్లు ఆ పేరా వాళ్ల స్థాయికి మించిందై ఉంటుంది. తొమ్మిదో తరగతి విద్యార్థికి ఆరో తరగతి పేరా ఇవ్వడం నామోషీ కాదు. అక్కడి నుంచి మొదలుపెడితేనే తొమ్మిదికి చేరేది.

తెలిసిన విషయమైతే పని మరింత సులువు. 2014లో కొత్తగా వచ్చిన పదో తరగతి ఇంగ్లిషు పాఠ్యపుస్తకంలో 'మాయాబజార్' సినిమా గురించి ఓ పాఠం ఉంది. ఘటోత్కచుడెవరో, శశిరేఖ ఎవరో తెలిసిన తెలుగు పిల్లలకి అందులో సగం అర్థం ముందే చేతిలో ఉన్నట్టు. మిగిలిన సగాన్ని ఇంగ్లిషు నుంచి రాబట్టుకోవడమే.

ఎవరా 'హి'?

తెలుగు పిల్లలు ఇంగ్లిషు పేరాలో తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. అది తెలివి తక్కువై కాదు. రెండు భాషల నడక వేరు.

మనం 'వచ్చాడు' అంటే మగవాడని, 'వచ్చారు' అంటే చాలామందో, పెద్దవారో అని క్రియే చెప్పేస్తుంది. అందుకే 'అతను', 'ఆమె' అని ప్రతిసారీ అనక్కర్లేదు. ఇంగ్లిషులో 'కేమ్' అన్న మాట ఎవరొచ్చారో చెప్పదు. 'హి', 'షి', 'దే' చెప్పాలి. ఆ చిన్నమాటను గమనించకుండా దాటేసిన విద్యార్థికి మూడో వాక్యానికే కథ చేజారిపోతుంది. 'ఇక్కడ హి అంటే ఎవరు? ఇట్ అంటే ఏది?' అని ఆపి అడిగితే చాలు, సగం చిక్కు విడిపోతుంది.

వాక్యం కట్టు మరొకటి. మనకి 'నిన్న వచ్చిన అబ్బాయి'. వాళ్లకి 'ది బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే'. సరిగ్గా తిరగేసినట్టు! మనకి 'బల్ల మీద' అయితే వాళ్లకి 'ఆన్ ది టేబుల్'. ఈ తిరగమరగ అలవాటయ్యేది సూత్రాలతో కాదు, అలాంటి వాక్యాలు కళ్లముందు పదేపదే కదిలినప్పుడే.

ఇక స్పెల్లింగు సంగతి. తెలుగులో రాసిందే చదువుతాం. ఇంగ్లిషులో 'ఓ, యు, జి, హెచ్' అన్న నాలుగక్షరాలే 'కాఫ్'లో ఒకలా, 'త్రూ'లో ఒకలా, 'దో'లో మరోలా పలుకుతాయి. లేచి నిలబడి పైకి చదవమనగానే పిల్లల గుండె దడదడలాడేది అందుకే. ధ్యాసంతా ఉచ్చారణ మీదే ఉంటే అర్థం తలకెక్కదు. ముందు మనసులో రెండుసార్లు చదవనిచ్చి, విషయం తెలిశాక పైకి చదివిస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

పరీక్ష అయ్యాక...

పదో తరగతిలో ఈ సంగతి బయటపడదు. బయటపడేది ఆ తర్వాతే. ఇంటర్‌లో ఎంపీసీయో, బైపీసీయో చేరాక ఫిజిక్స్, జువాలజీ పాఠాలు పేజీలకు పేజీలు ఇంగ్లిషులో ఎదురవుతాయి. 2008లో గ్రామీణ విద్యార్థుల కోసం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే సీటొస్తుంది. అప్పటిదాకా తెలుగు మీడియంలో మెరిసిన పిల్లలు అక్కడ మొదటిరోజు నుంచే ఇంగ్లిషులో చదవాలి. అక్కడ పేరా కింద ప్రశ్నలుండవు. పట్టుకుని వెతకడానికి పెద్దమాటా ఉండదు. చదవాలి, అర్థం చేసుకోవాలి. అంతే!

ఇటీవలి ఏళ్లలో మీడియం కూడా మారుతోంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిషు మీడియం మొదలైంది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. మంచి అవకాశమే. అయితే కళ్లు తెలుగు పేజీ మీదే ఆగిపోతే లాభం లేదు. ముందు ఇంగ్లిషు పేజీలో ఒక పేరా చదివి, ఏమర్థమైందో అనుకుని, తర్వాత తెలుగు పేజీలో సరిచూసుకుంటే... అదే రోజువారీ పాసేజీ!

చదివితే నిజంగా ఫలితం ఉంటుందా అన్నవారికి ఫిజీ దీవుల అనుభవం సమాధానం. పుస్తకాలే అరుదైన అక్కడి పల్లె బడుల్లో 1980 ప్రాంతంలో తరగతికి 250 చొప్పున ఇంగ్లిషు కథల పుస్తకాలు ఇచ్చారు. ఇంగ్లిషు మాతృభాష కాని ఆ పిల్లలు, మామూలు పద్ధతిలో నేర్చుకుంటున్నవారి కన్నా దాదాపు రెట్టింపు వేగంతో ముందుకెళ్లారని వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మాంగుభాయ్ అనే పరిశోధకులు 1983లో ప్రకటించారు. మన ప్రతి తరగతికీ 250 పుస్తకాలు రేపే రాకపోవచ్చు. రోజుకో పేరాకైతే ఖర్చేమీ లేదు.

అమ్మే పరీక్షాధికారి

'మాకు ఇంగ్లిషు రాదు, పిల్లలకి ఏం చెబుతాం?' చాలామంది తల్లిదండ్రుల బాధ ఇది. ఈ ఒక్క విషయంలో మాత్రం, రాకపోవడమే మేలు!

ఇంగ్లిషు వచ్చిన నాన్న అయితే అబ్బాయి రెండు మాటలనగానే మిగతాది తనే పూరించేస్తాడు. రాని అమ్మకి అలా కుదరదు. పొయ్యి దగ్గర పప్పు కలుపుతూ 'ఏముందిరా అందులో?' అంటుంది. 'ఓ రైతు చెట్టుకింద పడుకున్నాడమ్మా' అంటాడు వాడు. 'పట్టపగలు పడుకోవడమేంటి, పనీపాటా లేదా?' అంటుంది. వాడు మళ్లీ పుస్తకంలోకి చూస్తాడు. 'కాదమ్మా... పొద్దుట్నుంచీ పొలంలో పనిచేశాడంట. అలసిపోయాడంట.'

ఆ రెండోసారి చూశాడే... చదవడమంటే అదే. గైడులో దొరకని ప్రశ్న అది. ఎత్తి రాయడానికి వీల్లేని జవాబు అది.

ఇంట్లో ఇలా...

* రోజుకి ఒక్క పేరా చాలు. పది వాక్యాలు, పది నిమిషాలు. నెలకోసారి పది పేరాలకన్నా ఇదే మేలు.

* మొదటిసారి ఆగకుండా చివరిదాకా చదవాలి. తెలియని మాట కింద గీత గీసి ముందుకెళ్లాలి. రెండోసారి ఆ మాట అర్థం ఊహించాలి. నిఘంటువు ఆ తర్వాతే.

* గీతలు మరీ ఎక్కువైతే పేరా మార్చాలి. కింది తరగతి పుస్తకం తీసినా తప్పులేదు.

* పుస్తకం మూసి, విషయం తెలుగులో చెప్పించాలి. ఆ తర్వాత ఇంగ్లిషులో రెండు సొంత వాక్యాలు రాయించాలి. తప్పులున్నా సరే.

* పాఠ్యపుస్తకమే కానక్కర్లేదు. విత్తనాల ప్యాకెట్టు, మందుల అట్ట, రైలు టిక్కెట్టు, బడి నోటీసు... అన్నీ పాసేజీలే.

* వారం తర్వాత పాత పేరా మళ్లీ చదివించండి. అప్పుడు కష్టమైంది ఇప్పుడు తేలిగ్గా అనిపిస్తే, తను ముందుకెళ్తున్నట్టు బిడ్డకే తెలుస్తుంది.