ఒకే కబురు రెండుసార్లు

మా ఊరి తెలుగు సంఘం సభ్యులకు ఎసెమ్మెస్‌లు పంపే సర్వీసు రాసింది నేనే. మొదట్లో అందరూ చేసే పనే చేశాను: డేటాబేసు నుంచి చందాదారుల జాబితా తెచ్చి ఒక లూపు తిప్పడం. ఒక రాత్రి సభ్యుడొకాయన పోయారన్న కబురు పంపుతుంటే సర్వరు మధ్యలో ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి నడిపాను. సగం మందికి రెండుసార్లు వెళ్ళింది, ఆయన భార్యకు కూడా.

తర్వాత మొత్తం తిరగరాశాను. ఇప్పుడు ఒక్కో చందాదారుకి డేటాబేసులో ఒక్కో వరుస పడుతుంది. కబురు నంబరు, చందాదారు నంబరు కలిపి యునీక్ కీ. అదే కబురును మళ్ళీ నడిపినా రెండో వరుస పుట్టదు. ఆ వరుసలు క్యూలోకి వెళతాయి, వర్కరు ప్రోగ్రాములు తీసి పంపుతాయి.

క్యూ ఉందిగా, ఇంకేం భయం అంటారా? అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లో మామూలు క్యూ మెసేజిని కనీసం ఒకసారి అందిస్తానంటుంది, ఒక్కసారే అందిస్తానని మాటివ్వదు. అందుకని వర్కరు పంపబోయే ముందే, ఒకే అప్‌డేటుతో, ఆ వరుసను "పంపుతున్నాను" అని మార్చాలి. అప్పటికే మారి ఉంటే వదిలెయ్యాలి. పంపాక "పంపాను".

ఈ రెంటి మధ్య వర్కరు ఆగిపోతే? కబురు వెళ్ళిందో లేదో మన డేటాబేసు చెప్పలేదు. అలాంటివి వాటంతటవే మళ్ళీ వెళ్ళకుండా ఆపేశాను. ఎసెమ్మెస్ కంపెనీ లాగ్ చూసి నేనే తేలుస్తాను.

ఓటీపీ రెండుసార్లు వచ్చినా ఎవరూ పట్టించుకోరు, రాకపోతేనే చిక్కు. చావుకబురు అలా కాదు. ఏ తప్పు ఫరవాలేదో ముందే తేల్చుకుని, ఆ తర్వాత కోడు మొదలుపెట్టండి.