హెచ్‌ఆర్ కుర్చీలో ఎవరున్నారు?

రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ ప్రభుత్వరంగ సంస్థ. అక్కడి నియామకాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు అమలు కావాల్సిందే. ముంబై హైవే మీద ఇంకాస్త ముందుకెళ్తే పటాన్‌చెరు, పాశమైలారం. అక్కడి ప్రైవేటు ఫ్యాక్టరీలకు ఆ నిబంధన లేదు. ఆఫీసు ఉద్యోగాలకు దరఖాస్తులను ముందుగా వడకట్టేది హెచ్‌ఆర్ విభాగమే.

లాభం తెచ్చే విభాగం కాదని హెచ్‌ఆర్‌ను కంపెనీల్లో చిన్నచూపు చూస్తారు. గేటు బయట నిలబడ్డ మన పిల్లలకు మాత్రం అసలు అధికారం అక్కడే కనిపిస్తుంది. సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంత హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రతిభే కొలమానమన్న మేనేజర్లే అభ్యర్థి కుటుంబ నేపథ్యానికీ విలువ ఇస్తున్నారని అందులో తేలింది. నాన్న ఏం చేస్తాడు, ఇంట్లో ఎవరేం చదివారు? కులం పేరెత్తకుండానే కులం తెలిసిపోయే ప్రశ్నలివి.

ఈ ఉద్యోగానికి కార్మికుల వైపు నిలబడాల్సిన ముఖం కూడా ఉంది. 500 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ ఆ సంఖ్యను 250కి తగ్గించింది. అంటే ఈ పోస్టులు పెరగాలి.

ఎంఎస్‌డబ్ల్యూ, ఎంబీఏ చదివే మన విద్యార్థులు ఈ ఉద్యోగాల్లోకి వెళ్లాలని మేం కోరుకుంటున్నాం. అయితే కుర్చీలో మనిషి మారితే సరిపోదు. ఎంపిక ప్రమాణాలు ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి, ఇంటర్వ్యూలో కుటుంబం గురించిన ప్రశ్నలు ఆపాలి. సంఘాలు యాజమాన్యాలను అడగాల్సింది ఈ రెండూ.