పూత కింద దాగే పగులు: అలాయ్ చక్రాల మెరుగు పనిలో ప్రమాదాలు

వానాకాలంలో గురుగ్రామ్ రోడ్ల మీద నిలిచే నీటి అడుగున గుంత ఎక్కడుందో, విరిగిన డివైడరు అంచు ఎక్కడుందో కారు నడిపేవారికి తెలిసే వీలుండదు. 2016 జూలై చివర హీరో హోండా చౌక్ వద్ద నీరు నిలిచి ఢిల్లీ–జైపూర్ జాతీయ రహదారి గంటల తరబడి స్తంభించిన సంగతి దేశమంతటికీ తెలిసింది గానీ, అటువంటి ప్రతి వాన తర్వాత టైర్ల దుకాణాలకు చేరే వంగిన చక్రాల సంగతి వార్తల్లోకి ఎక్కదు. కొత్త కార్లలో చక్రం పెద్దదై టైరు పక్కగోడ సన్నబడుతున్న కొద్దీ, గుంత దెబ్బను మింగగల రబ్బరు తగ్గి, ఆ దెబ్బ నేరుగా లోహానికే తగులుతుంది. కంపెనీ చక్రం ధర విన్న యజమాని పాతదాన్నే బాగుచేయించుకోవాలని చూడటం సహజం కనుక, రాజధాని ప్రాంతమంతటా రీఫినిషింగ్ అనే పని ఒక వ్యాపారంగా స్థిరపడింది.

రీఫినిషింగ్ అంటే పాత పూతను తొలగించి, గీతలను సాపుచేసి, కొత్త పూత వేయడం. పని ఇంతటితో ఆగితే చక్రం బలానికి వచ్చే లోటు దాదాపు ఉండదు. అయితే అదే కప్పు కింద, అదే మనిషి చేతిలో, అదే రసీదు మీద వంపు తీయడం, పగులుకు వెల్డింగ్ పెట్టడం కూడా జరుగుతాయి. చివరికి అన్నిటి మీదా ఒకే రంగు పడుతుంది. ప్రమాదమంతా ఈ కలగలుపులోనే ఉంది.

ఇది అర్థం కావాలంటే చక్రం తయారయ్యే తీరు కొంత తెలియాలి. చాలా అలాయ్ చక్రాలను అల్యూమినియంలో సుమారు 7 శాతం సిలికాన్, ఒక శాతంలో మూడో వంతు మెగ్నీషియం కలిసిన మిశ్రమలోహంతో పోత పోస్తారు. పరిశ్రమలో దీనికి ఎ 356 అని పేరు. కరిగిన లోహం మూస మూలమూలకూ పారడానికి సిలికాన్ తోడ్పడుతుంది; బలానికి ఆధారం మాత్రం ఆ కాస్త మెగ్నీషియమే. పోత పోసిన చక్రాన్ని సుమారు 540 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు ఉంచి, వెంటనే నీటిలో చల్లార్చి, మళ్లీ 150 నుంచి 180 డిగ్రీల మధ్య మరికొన్ని గంటలు ఉంచినప్పుడు, మెగ్నీషియం, సిలికాన్ కలిసి అతి సూక్ష్మమైన రేణువులుగా లోహమంతటా పరుచుకుని, స్ఫటికాలలోని పొరలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డుపడతాయి. టి 6 అని పిలిచే ఈ ప్రక్రియ లోహానికి పదును పెట్టడమే. గురుగ్రామ్‌కు నైరుతిన బావల్‌లో గానీ, విశాఖపట్నం దువ్వాడ ప్రాంతంలో గానీ తయారయ్యే చక్రాల బలం ఈ పదును మీదనే ఆధారపడి ఉంటుంది.

వేడితో వచ్చిన పదును వేడితోనే పోతుంది. రేణువులు సూక్ష్మంగా ఉన్నంతకాలమే అవి అడ్డుపడగలవు. సుమారు 200 డిగ్రీలు దాటి వేడి పెరిగే కొద్దీ, ఆ వేడిలో గడిచే సమయం పెరిగే కొద్దీ అవి ఒకదానితో ఒకటి కలిసి ముతకబారి, వాటి మధ్య ఖాళీలు పెరిగి, లోహం మెత్తబడుతుంది. పొడి రంగును విద్యుదావేశంతో లోహానికి అంటించి ఓవెన్‌లో కాల్చే పౌడర్ కోటింగ్‌కు సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల వేడి, పది నుంచి ఇరవై నిమిషాల సమయం చాలు. కర్మాగారంలోనూ ఇటువంటి పూతలనే కాలుస్తారు కనుక, ఓవెన్ ఉష్ణోగ్రత అదుపులో ఉంటే ఒక్కసారి చేసే కోటింగ్ గురించి భయపడవలసిన పని లేదు. వేడి ఎంతుందో చెప్పే సాధనమే నమ్మదగినది కానప్పుడు, పూత సరిగా ఉడకలేదని అదే చక్రాన్ని రెండోసారి, మూడోసారి ఓవెన్‌లోకి నెట్టినప్పుడు లెక్క మారుతుంది.

అంతకన్నా ఎన్నో రెట్లు ఆందోళన కలిగించేది వంపు తీసే పని. వంగిన అంచును హైడ్రాలిక్ జాకీతో నెట్టేముందు, లోహం పగలకుండా లొంగాలని గ్యాస్ మంటతో అక్కడ వేడి పెడతారు. ఇనుమైతే కొలిమిలో ఎర్రబారి తన వేడిని తానే చెబుతుంది, కమ్మరి ఆ రంగును చూసే దెబ్బ వేస్తాడు. అల్యూమినియం అలా కాదు. సుమారు 560 డిగ్రీల వద్ద ఈ మిశ్రమలోహం కరగడం మొదలయ్యేవరకూ వెండి రంగులోనే ఉంటుంది, వెలుతురులో ఏ మార్పూ కంటికి కనబడదు. కంటి అంచనాతో మంట పెట్టేవాడు 150 డిగ్రీల వద్ద ఆగాడో, 400 వరకు వెళ్లాడో అతనికే తెలియదు. వంపు తీరుతుంది, చక్రం గుండ్రంగా తిరుగుతుంది, కానీ ఆ చోట పదును పోయిన లోహం మిగులుతుంది. పైగా ఒకసారి వంగి మళ్లీ సరిచేయబడిన పోత లోహంలో సన్నని బీటలు పుట్టే అవకాశం ఎక్కువ.

వెల్డింగ్ కథ కూడా ఇదే, ఇంకాస్త తీవ్రంగా. పగులు వద్ద కరిగించి పోసిన లోహం గట్టిగానే అతుక్కోవచ్చు, కానీ అతుకుకు ఇరువైపులా వేడి సోకిన పట్టీ మెత్తబడుతుంది. కర్మాగారంలో లాగా చక్రం మొత్తాన్నీ మళ్లీ 540 డిగ్రీలకు వేడిచేసి చల్లారిస్తే బలం తిరిగి వస్తుంది, ఆకారం మాత్రం వంకరపోతుంది. అందుకే ఆ పని ఎవరూ చేయరు. లోపలి అంచున ఉన్న చిన్న పగులుకు వెల్డింగ్ పెట్టించుకున్న కారు నెలల తరబడి నడవవచ్చు, ఎందుకంటే లోహపు అలసట వల్ల వచ్చే పగులు ఒక్కసారిగా రాదు. చక్రం తిరిగిన ప్రతిసారీ కొంత కొంత సాగి, వేగంగా వెళ్తున్న ఏదో ఒక రోజు టైరులోని గాలిని ఒక్కసారిగా వదిలేస్తుంది. స్పోకుల మీద, నట్లు బిగించే రంధ్రాల చుట్టూ ఉన్న పగులుకు వెల్డింగ్ అన్న మాటే ఎత్తకూడదు.

డైమండ్ కట్ పేరిట లేత్ మీద ముఖాన్ని చెక్కి తళతళలాడించే పని నిరపాయంగానే కనిపిస్తుంది గానీ, ప్రతి చెక్కుడుకూ కొంత లోహం పోతుంది, పోయినది తిరిగి రాదు. రెండుమూడు చేతులు మారిన కారుకు ఆ చక్రాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చెక్కారో చెప్పే ఆధారం ఏదీ ఉండదు. లోతైన గాట్లను పుట్టీతో నింపి రంగు వేస్తే చూపుకు బాగుంటుంది. పుట్టీకి మోసే బలం లేదన్నది ఒక లోపమైతే, గాటు అడుగున ఉన్న బీట దాని కింద కనబడకుండా పోవడం అంతకన్నా పెద్ద లోపం.

చక్రం బలంతో సంబంధం లేని మరో ముప్పును నిపుణులు కాని వారు ఊహించరు. కారు బరువును చక్రానికీ హబ్‌కూ మధ్య మోసేది చాలావరకు ఆ రెండు ముఖాల మధ్య ఒరిపిడి. నట్టు బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగి, స్ప్రింగులా రెండు ముఖాలనూ అదిమి పట్టడం వల్ల ఆ ఒరిపిడి పుడుతుంది. చక్రం వెనుక హబ్‌కు ఆనే ముఖం మీద, నట్టు కూర్చునే శంఖాకారపు గుంటల్లో పూత పడితే, బండి నడిచే కొద్దీ ఆ పొర నలిగి పలచబడుతుంది. మిల్లీమీటరులో పదో వంతు నలిగినా బోల్టు సాగుదల చాలావరకు తగ్గి, బిగింపు సడలి, నట్లు వాటంతటవే వదులవుతాయి. అందుకే పద్ధతి తెలిసిన దుకాణాల్లో ఆ ముఖానికీ గుంటలకూ టేపు, రబ్బరు బిరడాలు పెట్టి పూత తగలకుండా చూస్తారు. తిరిగి వచ్చిన చక్రాన్ని తిరగేసి చూస్తే ఈ ఒక్క విషయం ఎవరికైనా తెలుస్తుంది: హబ్ ఆనే చోట వట్టి లోహం కనబడాలి. నట్లను కారు పుస్తకంలో చెప్పిన టార్క్‌కు, అంటే తిప్పుడు బలానికి, కొలత చూపే పానాతో బిగించి, యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక మరోసారి సరిచూడాలి.

కారు యజమాని ప్రమాదం గురించి ఇంత చెప్పుకున్నా, రోజూ దానికి ఎదురు నిలిచేది పనివాడే. పాత పూతను ఊడదీసే ద్రావకాలలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. దాని ఆవిరి మత్తు కలిగించడమే కాక, శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారి రక్తానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. అమెరికాలో 2000–2011 మధ్య స్నానపు తొట్ల పాత పూత తొలగించే పనిలో 13 మంది ఈ ఆవిరికే బలయ్యారు. ఇంటి వాడకందారులకు రంగు తీసే మందుగా దీన్ని అమ్మడాన్ని అక్కడి పర్యావరణ సంస్థ 2019లో నిషేధించింది. రెండు పాళ్లు కలిపి చల్లే క్లియర్ కోటులోని ఐసోసయనేట్లు ఒకసారి ఉబ్బసం తెచ్చిపెడితే, ఆ తర్వాత కొద్దిపాటి తాకిడికే ఊపిరి ఆడదు. ముఖానికి కట్టుకున్న రుమాలు వాటిని ఆపలేదు. చక్రాలు కడిగే కొన్ని ఆమ్లాలలో ఫ్లోరైడ్ ఉంటుంది, దానితో కాలిన చోట నొప్పి గంటల తర్వాత గానీ తెలియకపోవచ్చు, ఈలోగా అది లోపలికి దిగి రక్తంలోని కాల్షియాన్ని హరిస్తుంది.

అల్యూమినియం ధూళిని మాత్రం మసిలాగా తుడిచిపారేయదగిన చెత్త అనుకోవడం పెద్ద పొరపాటు. 2014 ఆగస్టు 2న చైనాలోని కున్‌షాన్‌లో చక్రాలకు మెరుగుపెట్టే కర్మాగారంలోనే ఈ ధూళి పేలి, ఆ రోజే 75 మంది, తర్వాత కాలిన గాయాలతో మరికొందరు కలిసి మొత్తం 146 మంది మరణించారు. ధూళి సేకరణ యంత్రంలో పేరుకుపోయిన పొడికి తేమ తగిలి, దానంతటదే వేడెక్కడం వల్ల పేలుడు మొదలైందని దర్యాప్తులో తేలింది. గురుగ్రామ్‌కు చేరువలోని ధారూహేడాలో 2024 మార్చి 16న వాహన విడిభాగాల కర్మాగారంలో ధూళి సేకరణ యంత్రం పేలి సుమారు 40 మంది గాయపడ్డారు, వారిలో పలువురు ఆసుపత్రుల్లో కన్నుమూశారు. తొలి వార్తల్లో చాలావరకు బాయిలర్ పేలుడుగా వచ్చిన ఆ ఘటన, ధూళి అన్నది ఎంత సులువుగా ఊహకు అందకుండా పోతుందో చూపుతుంది. చిన్న దుకాణంలో అంత ధూళి ఉండదు, నిజమే. కానీ గ్రైండరు నిప్పురవ్వలు, థిన్నరు ఆవిరి, మూలన పేరుకున్న వెండి రంగు పొడి ఒకే గదిలో ఉండటం అక్కడే ఎక్కువ.

కొత్త చక్రాలకు మన దేశంలో ప్రమాణాలు లేకపోలేదు. కార్ల చక్రాలకు ఐఎస్ 9436 ఉంది, 2020లో కేంద్రం వాటికి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. మలుపుల్లో పడే భారాన్ని అనుకరిస్తూ వంచి తిప్పే పరీక్ష, బరువు మోపి డ్రమ్ము మీద తిప్పే పరీక్ష, అంచు మీద బరువు పడవేసే పరీక్ష తట్టుకున్న నమూనాకే ముద్ర పడుతుంది. ఆ ముద్ర మంట పెట్టిన తర్వాతి చక్రం గురించి ఏమీ చెప్పదు. జనరల్ మోటార్స్ తన డీలర్లకు ఇచ్చిన సాంకేతిక సూచనలో పూతకు సంబంధించిన పైపని తప్ప వెల్డింగ్, వంపు తీయడం, మళ్లీ చెక్కడం వంటివేవీ ఆమోదించబోమని స్పష్టంచేసింది. వ్యాపారులు తరచుగా చెప్పే, ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదూ రాలేదన్న మాటకు ఈ సూచన ఎదుట నిలిచే బరువు లేదు.

దుకాణదారుని పని తెలుసుకోవడానికి ధర కన్నా మంచి ప్రశ్న ఒకటుంది: పాత పూత తీశాక, కొత్తది వేయకముందు చక్రాన్ని చూపించగలరా అన్నది. ఆ దశలో ఎర్రటి చొరబాటు ద్రవం పూసి, తుడిచి, దాని మీద తెల్లని పొడి చల్లితే, బీట ఉన్న చోట ఎర్రటి సన్నని గీత పొడి మీదికి ఊరి వస్తుంది. పనికి పట్టే సమయం అరగంటకు మించదు. గీత కనబడిన చక్రం మళ్లీ రోడ్డెక్కకూడదు. దాన్ని అలాగే పాత సామానుకు వేస్తే ఢిల్లీలోని మాయాపురి వంటి బజారులో చేతులు మారి, రంగు పూసుకుని ఇంకెవరి కారుకో చేరే వీలుంది గనుక, అంచును రంపంతో కోయించి ఇవ్వడం మేలు. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో సుమారు 5 శాతంతోనే పాత లోహాన్ని కరిగించవచ్చు కాబట్టి, కోసిన చక్రానికి కూడా వ్యాపారి కిలో లెక్కన ధర కడతాడు.