ఓదార్పులో దాగిన సత్యం

పిల్లలూ! మీ ఇంగ్లీషు వాచకంలో 'సూద్' అనే మాట ఎప్పుడైనా తగిలిందా? ఎస్, ఓ, ఓ, టి, హెచ్, ఇ - ఇవి దాని అక్షరాలు. ఏడ్చేవారిని ఊరడించటం, నొప్పిని తగ్గించటం, కోపాన్ని చల్లార్చటం - ఇన్నిటికీ ఆ ఒక్క మాట చాలు.

ఈ పనికి మనకూ మాటలు కొదువ లేవు. ఓదార్చటం, బుజ్జగించటం, సముదాయించటం అని పుస్తకాలలో చదువుతాం. జగిత్యాలలో గాని, కోరుట్లలో గాని, సిరిసిల్లలో గాని ఏడ్చే పిల్లను చంకనెత్తుకొన్న అవ్వ మాత్రం, "ఊకో బిడ్డా, ఊకో" అంటుంది. 'ఊరుకో' అన్న మాటే నాలుకల మీద నలిగి 'ఊకో' అయింది.

ఇంగ్లీషు మాట పుట్టుక ఇంతకంటె చిత్రమైనది. చివరనున్న 'ఇ' తీసివేయండి. 'సూత్' మిగులుతుంది. పాతకాలపు ఇంగ్లీషులో దానికి 'నిజం' అని అర్థం. షేక్స్పియరు రాసిన 'జూలియస్ సీజర్' నాటకంలో, మార్చి నెలలో రానున్న అపాయాన్ని గురించి సీజరును హెచ్చరించే జోస్యుడిని 'సూత్ సేయర్' అన్నారు. అనగా నిజం పలికేవాడు!

మరి నిజానికీ ఓదార్పుకూ పొత్తు ఎట్లా కుదిరింది? వెయ్యేళ్ళ కిందట ఆ క్రియకు 'నిజమని రుజువు చేయటం' అని అర్థం. 16వ శతాబ్దంలో, ఎదుటివాడు ఏమి చెప్పినా "నిజమే, నిజమే" అని తల ఊపటాన్ని ఆ మాటతో చెప్పసాగారు. అట్లా తల ఊపితే ఎవరి మనసైనా చల్లబడుతుంది గదా! 17వ శతాబ్దం ముగిసేసరికి 'చల్లబరచటం' అన్న అర్థమే స్థిరపడింది.

ఇంకొక వింత వినండి. సంస్కృతంలోని 'సత్యం' ఈ 'సూత్'కు చుట్టమే! రెండూ 'ఉండటం' అనే ఒకే మూలం నుండి వచ్చాయి. ఉన్నదేదో అదే సత్యం. సంస్కృతం, గ్రీకు, లాటిను భాషలకు మూలం ఒక్కటే అయి ఉండాలని 1786లో సర్ విలియం జోన్సు కలకత్తాలో చెప్పాడు. ఇంగ్లీషు కూడా ఆ కుటుంబానిదే. మన తెలుగు వేరొక కుటుంబానిది; 'సత్యం' మనం సంస్కృతం నుండి తెచ్చుకొన్నాం, 'ఊకో' మాత్రం మన సొంతం.

ఇప్పుడు మీరూ మీ తల్లిదండ్రులూ కలిసి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. నిజం చెప్పకుండా ఊరడిస్తే ఏమవుతుంది? జగిత్యాల దవాఖానకు పోయే పిల్లవానితో "సూది వేయరులే" అంటే అప్పటికి ఊరుకుంటాడు. సూది గుచ్చుకొన్న తరువాత మళ్ళీ ఆ మాట నమ్ముతాడా? సిరిసిల్లలో మరమగ్గాలకు పని తగ్గిన నెలలో, కొత్త బట్టలు తప్పక వస్తాయంటే, పిల్లలు పండుగనాటి ఉదయం దాకా ఎదురు చూస్తారు.

కోరుట్ల చుట్టుపక్కల పల్లెలలో ఎందరో పిల్లల తండ్రులు గల్ఫ్ దేశాలలో పని చేస్తున్నారు. రాత్రివేళ చిన్నపిల్ల నాయిన కావాలని ఏడిస్తే, "రేపొస్తడు" అనటం సులభం. కాని ఆ పిల్ల రేపటిని లెక్కపెట్టుకొంటుంది. ఆ రేపు రాదు. "నాయిన వచ్చేటందుకు ఇంకా శాన దినాలైతది బిడ్డా. నాకూ యాదికొస్తున్నడు. శుక్రవారం ఫోన్ల మాట్లాడుదం" అని దగ్గరకు తీసుకొంటే, ఏడుపు వెంటనే ఆగకపోవచ్చు. అయినా శుక్రవారం తప్పక వస్తుంది. ఫోనూ మోగుతుంది. అమ్మ మాట మీద ఆ పిల్లకు నమ్మకం నిలుస్తుంది.

ఈ నెలకు మీకొక పని ఇస్తున్నాను. మీ అవ్వనూ తాతనూ అడిగి, ఏడ్చేవారిని ఊరడించటానికి మీ ఇంట్లో వాడే మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. వాటిలో నిజమైనవెన్నో, ఉత్తవెన్నో మీరే గీత గీసి విడదీయండి. ఈసారి మీ చెల్లాయి ఏడ్చినప్పుడు మొదటి వరుసలోని మాట ఒకటి చెప్పి చూడండి.