పెన్సిలు గీతలో ఎలక్ట్రానుల నడక

పెన్సిలుతో గీచిన గీతలో మిగులునది సీసమని మనము వాడుకగా చెప్పుదుము. నిజమునకు అందు సీసము లేశమైనను లేదు. గ్రాఫైటు అను ఖనిజపు పొడిని బంకమట్టితో కలిపి కాల్చి ఆ పుల్లను చేయుదురు. గ్రాఫైటు మనకు దూరపు వస్తువు కాదు. గోదావరి చీల్చుకొని వచ్చు తూర్పు కనుమల ఖోండలైటు రాళ్లలో అది కలదు.

గ్రాఫైటును వజ్రమును ఒకే మూలద్రవ్యము, రెండును కర్బనమే. భేదమంతయు పరమాణువుల అమరికలో నున్నది. కర్బన పరమాణువునకు ఇతర పరమాణువులతో చేయి కలుపగల ఎలక్ట్రానులు నాలుగు. వజ్రములో ఆ నాలుగును బంధములలో చిక్కుకొనును. కావున వజ్రము విద్యుత్తును ప్రసరింపనీయదు. గ్రాఫైటులో మూడే బంధములగును. పరమాణువులు తేనెపట్టు గదులవలె ఆరు మూలల గళ్లుగా అమరి పలుచని పొరలగును. పొరకును పొరకును పట్టు తక్కువ; అందుచేతనే కాగితముపై రాచినప్పుడు అవి జారి అంటుకొనును. ఒక మిల్లీమీటరు మందములో ఇట్టి పొరలు సుమారు 30 లక్షలుండును. అందు ఒక్క పొరకు గ్రాఫీను అని పేరు.

ఇట్టి పొరలో ఎలక్ట్రానులు ఎట్లు మెలగునో పి. ఆర్. వాలెస్ 1947లోనే లెక్క కట్టెను. అయితే ఆ ఒక్క పొరను వేరుచేసి, దాని విద్యుద్గుణములను పరీక్షించి 2004లో లోకమునకు చూపినవారు మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రి గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అనువారు. వారి ముఖ్య సాధనము జిగురు టేపు! గ్రాఫైటుపై టేపు నంటించి లాగుచు, పొరలను పలుచన చేయుచు పోయిరి. వారికి 2010లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక నాలుగవ ఎలక్ట్రాను సంగతి. అది ఏ ఒక్క పరమాణువునకును కట్టుబడక పొర అంతటను సంచరించును. ఎలక్ట్రానునకు అలల స్వభావము కలదని 1924లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ ద బ్రోయ్ ప్రతిపాదించెను. అప్పుడు మన యానాము ఫ్రెంచివారి ఏలుబడిలో నుండెను. క్రమము తప్పని గళ్లలో ఈ అలకు అడ్డు తక్కువ.

మామూలు వస్తువును ఎంత గట్టిగా నెట్టిన అంత వేగముగా పోవును. గ్రాఫీనులో అట్లు కాదు. గుడిగంటను మెల్లగా కొట్టినను గట్టిగా కొట్టినను నాదము ఒకే వేగముతో మన చెవిని చేరును. అట్లే ఇచటి ఎలక్ట్రానునకు శక్తి హెచ్చినను వేగము మారదు. అది సెకనుకు సుమారు 1000 కిలోమీటర్లు. కాంతివేగములో 300వ వంతు. ఎలక్ట్రాను తన ద్రవ్యరాశిని నిజముగా పోగొట్టుకొనదు. గళ్ల అమరిక వలన ద్రవ్యరాశి లేనిదానివలె ప్రవర్తించును.

మరియొక వింత. మంచి విద్యుద్వాహకమైన లోహము మంచి ఉష్ణవాహకము కూడ అగునని 1853 నుండి తెలిసిన నియమము. మిక్కిలి శుద్ధమైన గ్రాఫీనులో, ఒకానొక స్థితిలో, ఎలక్ట్రానులు విడివిడి ఇసుకరేణువులవలె గాక గోదావరి నీటివలె కలిసి ప్రవహించును. అప్పుడు పై నియమము తక్కువ ఉష్ణోగ్రతలో 200 రెట్లకు మించి తప్పిపోవుచున్నదని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థవారు 2025లో ప్రకటించిరి.

ఇన్ని గుణములున్నను గ్రాఫీను సర్వరోగ నివారిణి కాదు. కంప్యూటరునకు విద్యుత్తును పారించుట యెంత అవసరమో ఆపుటయు అంత అవసరము. గ్రాఫీనులో ఎలక్ట్రానులను పూర్తిగా ఆపుట కష్టము. కనుక సిలికాను స్థానము నేటికిని చెక్కుచెదరలేదు.

ఇట్టి విషయములు తెలుగు బడిలో చదువు పిల్లలకు అందునా యని కొందరు తల్లిదండ్రులు సందేహింతురు. ఎలక్ట్రాను అను మాటకు మూలము గ్రీకుభాషలో తృణమణికి గల పేరు. ఇంగ్లీషు బాలుడును దానిని క్రొత్తగా నేర్చుకొనవలసినదే. మాట ఎక్కడిదైనను, భావము మాత్రము ఇంటిభాషలో శీఘ్రముగా నాటుకొనును. ఇంగ్లీషు నేర్వవద్దని నా యభిప్రాయము కాదు. అర్థము కాని పాఠమును కంఠస్థము చేయుట చదువు కాదని మాత్రమే నా మనవి. ఫరంపేటలోని ప్రతి తల్లియు తండ్రియు, తాము చదివినవారైనను కాకున్నను, సాయంత్రము బిడ్డను కూర్చుండబెట్టుకొని “నేడు నేర్చినది నాకు చెప్పు” అని అడుగవలెను. చెప్పగలిగినచో ఆ పాఠము వానిదైనట్లే. చెప్పలేకపోయినచో మరునాడు మా యొద్దకు పంపుడు, మరల చెప్పెదము.